మీటింగ్ మీరే నడపాల్సి వస్తే: ఇన్వైట్ నుంచి మినిట్స్ దాకా

బెంగళూరులో మనవాళ్ళలో ఎవరికైనా టీమ్ లీడ్‌గా ప్రమోషన్ వస్తే, పార్టీ సంగతి తేలిపోయాక రెండో వారంలో వచ్చే మెసేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది. "అన్నా, మీటింగులు పెడుతున్నా, గంట గడిచిపోతోంది, ఏమీ తేలట్లేదు, ఏం చేయాలి?" ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణలు సాఫ్ట్‌వేర్ టీములవే, కానీ ఫ్యాక్టరీలో షిఫ్ట్ చూసుకునేవాళ్ళకైనా, బ్రాంచి నడిపేవాళ్ళకైనా పద్ధతి ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. లీడ్ చేయాల్సిన పనిలో చాలా భాగం మీటింగ్ రూమ్‌లో జరగదు. మీటింగ్‌కి ముందు అరగంట, అయ్యాక పావుగంట, ఈ రెండు చోట్ల జరుగుతుంది. ఆ రెండూ ఎగ్గొట్టి మధ్యలో గంటసేపు ఎంత బాగా మాట్లాడినా ప్రయోజనం ఉండదు.

ఏమేం కావాలి

- ఒక ప్రశ్న. టాపిక్ కాదు, ప్రశ్న.
- ఒక పేజీ నోట్. పిలిచిన ప్రతి ఒక్కరికీ తెరుచుకునే డాక్యుమెంట్‌లో. "యాక్సెస్ లేదు, రిక్వెస్ట్ పెట్టా" అనే మాట మీటింగ్ మొదలయ్యాక వినిపించకూడదు.
- రాసే మనిషి ఒకరు. మీరు కాదు. నడిపేవాళ్ళే రాస్తూ కూర్చుంటే రెండు పనులూ చెడతాయి.
- గడియారం.
- రూమ్, వీడియో లింక్ రెండూ. అందరూ ఆఫీసులోనే ఉంటారనుకున్న రోజే ఇద్దరు సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతారు.
- చివరి మాట ఎవరిదన్న స్పష్టత. మీరే తేలుస్తారా, మీ పైవాళ్ళా, ఓటింగా? ఇది మీకే తెలియకపోతే ఇన్వైట్ పంపకండి, ముందు అది కనుక్కోండి.

1. అసలు ఈ మీటింగ్ అవసరమా?

పన్నెండు మందిని గంటసేపు కూర్చోబెడితే పన్నెండు పని గంటలు పోయినట్టు, అంటే ఒక మనిషి ఒకటిన్నర రోజు పని. ఆ లెక్క ఒకసారి వేసుకుని, తర్వాత ఇది చూడండి.

మీరు చెప్పాలి, వాళ్ళు వినాలి, అంతేనా? మెయిల్ పంపండి. ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవాలా? టీమ్ ఛానల్‌లో ఒక్కో లైన్ రాయమనండి. ఇద్దరి మధ్య తేలాల్సిన విషయమా? ఆ ఇద్దరినీ కాఫీకి తీసుకెళ్ళండి, మిగతా పది మందిని సాక్షులుగా పిలవక్కర్లేదు. ఒక మనిషి పని బాగాలేదా? అది తలుపు వేసుకుని ఆ మనిషితో మాట్లాడాల్సిన విషయం, పదిమందిలో అస్సలు వద్దు.

మరి దేనికి పెట్టాలి? ఒకరి కంటే ఎక్కువ మందికి తెలిసిన సంగతులు ఒకచోటికి చేరాలి, అభిప్రాయాలు వేరుగా ఉన్నాయి, తేల్చకపోతే పని ఆగిపోతుంది. అప్పుడు పెట్టండి. మెసేజ్‌లలో ఒకే విషయం మీద అటూ ఇటూ నాలుగైదు సార్లు తిరిగి ఇంకా తేలలేదంటే కూడా పెట్టేయండి, పావుగంటలో అయిపోతుంది.

2. ప్రశ్న రాయండి

"రిలీజ్ డిస్కషన్" అని టైటిల్ పెట్టి పంపితే వచ్చినవాళ్ళు డిస్కషనే చేస్తారు, పాపం వాళ్ళ తప్పేముంది. "కొత్త బిల్లింగ్ మాడ్యూల్ శుక్రవారం రాత్రి వదలాలా, సోమవారం ఉదయమా?" అని పెట్టండి. చదివిన మనిషికి తన దగ్గర ఏం సమాచారం ఉందో, ఏం తెచ్చుకోవాలో అక్కడికక్కడే తెలుస్తుంది. ఏదో ఒక జవాబు వచ్చేసిన క్షణంలో మీటింగ్ అయిపోయిందని మీకూ తెలుస్తుంది.

ఇన్వైట్ లోపల నాలుగు లైన్లు చాలు. ఇలా:

*తేల్చాల్సింది: బిల్లింగ్ మాడ్యూల్ శుక్రవారం రాత్రా, సోమవారం ఉదయమా.*
*చివరి మాట: నాది. సపోర్ట్ టీమ్ వద్దంటే మాత్రం శుక్రవారం ఉండదు.*
*ముందు చదవాల్సింది: కింద ఉన్న ఒక పేజీ నోట్.*
*తెచ్చుకోవాల్సింది: టెస్టింగ్ వాళ్ళు మిగిలిన బగ్గుల లిస్టు, సపోర్ట్ వాళ్ళు శని, ఆదివారాలకి షిఫ్ట్ పేర్లు.*

ప్రశ్న రాయడానికి ఎంత కూర్చున్నా రావట్లేదా? అయితే ఆ మీటింగ్ ఎందుకో మీకే తేలలేదన్నమాట, ఒకటో మెట్టుకి వెళ్ళండి.

3. ఎవరిని పిలవాలి

మూడు రకాల వాళ్ళే: తేల్చేవాళ్ళు, తేలాక ఆ పని చేయాల్సినవాళ్ళు, మిగతావాళ్ళకి తెలియని సంగతి తెలిసినవాళ్ళు. వీళ్ళు కానివాళ్ళకి మినిట్స్, అంటే ఏం తేలిందో, ఎవరేం చేయాలో రాసిన నోట్, పంపితే సరిపోతుంది. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పెట్టిన రెండు పిజ్జాల లెక్క చాలామంది వినే ఉంటారు, రెండు పిజ్జాలు సరిపోనంత మంది ఉంటే ఆ గుంపు పెద్దదైనట్టే అని. మనం పిజ్జాలు లెక్కపెట్టక్కర్లేదు గానీ, ఎనిమిది మంది దాటితే ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్ళు ల్యాప్‌టాప్ తెరిచి సొంత పని చేసుకుంటుంటారు. అది మీకూ కనిపిస్తూనే ఉంటుంది.

మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. పిలవకపోతే చిన్నబుచ్చుకుంటారు. పెళ్ళి శుభలేఖ అందనట్టే. అందుకని "ఎందుకైనా మంచిది" అని అందరినీ పెట్టేస్తాం. అలా చేయకండి, ముందే ఒక మెసేజ్ పెట్టండి: "రేపటి మీటింగ్‌లో రిలీజ్ రోజు ఒక్కటే తేలుస్తున్నాం, మీ టైమ్ తీసుకోవట్లేదు, సాయంత్రానికల్లా మినిట్స్ వస్తాయి, మీకేమైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, నేను అక్కడ వినిపిస్తాను." ఈ మెసేజ్ అందాక అలిగినవాళ్ళు చాలా తక్కువ. అలిగినా ఒకటి రెండు సార్లు మినిట్స్ టైమ్‌కి వస్తే వాళ్ళే "నన్ను పిలవకపోయినా పర్లేదు" అంటారు.

4. ఎప్పుడు పెట్టాలి

ఉదయం తొమ్మిదికి పెట్టకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు ఉంటే అసలే వద్దు. పర్పుల్ లైన్ మెట్రో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చాక కొందరికి సుఖమైంది, 2025 ఆగస్టులో ఎల్లో లైన్ మొదలయ్యాక బొమ్మసంద్ర వైపు వాళ్ళకీ మేలైంది, కానీ మారతహళ్ళి, బెల్లందూరు వాళ్ళ తిప్పలు వాళ్ళవే. పదిన్నర, పదకొండు మంచి టైమ్. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటాక ముఖ్యమైనదేదీ పెట్టకండి. విజయవాడకో తిరుపతికో బస్సు పట్టుకోవాల్సిన మనిషి, మడివాళలో పికప్ పాయింట్‌కి ఎప్పుడు చేరతానా అని చూస్తుంటాడే తప్ప మీ డేటాబేస్ గోడు వినడు. ఆ టెన్షన్‌లో దేనికైనా "సరే సరే" అనేస్తాడు, సోమవారం వచ్చి "నేనలా అనలేదే" అంటాడు.

కోడ్ రాసేవాళ్ళ రోజుని ముక్కలు చేయకండి. పదకొండుకి ఒకటి, రెండున్నరకి ఒకటి, నాలుగున్నరకి ఒకటి పెడితే మధ్యలో మిగిలిన గంటల్లో ఎవరూ లోతైన పని చేయలేరు. ఒకదాని పక్కన ఒకటి పెట్టండి, మిగతా పూట వదిలేయండి.

గంట అని వేయకుండా 50 నిమిషాలు, అరగంట బదులు 25 వేయండి. గూగుల్ క్యాలెండర్‌లో, అవుట్‌లుక్‌లో దీనికి సెట్టింగ్ కూడా ఉంది, ఒకసారి పెట్టేస్తే ప్రతిసారీ మార్చుకోనక్కర్లేదు. మీ తర్వాత రూమ్ బుక్ చేసుకున్నవాళ్ళు అద్దం తలుపు బయట నిలబడి తొంగి చూస్తుంటే లోపల ఎవరి బుర్రా పనిచేయదు.

విదేశీ టీములు ఉంటే దీన్ని జాగ్రత్తగా చదవండి, ప్రతి ఏడాదీ ఇక్కడ గందరగోళం జరుగుతుంది. మన గడియారం మారదు, వాళ్ళది మారుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. లండన్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. న్యూయార్క్ వాళ్ళ క్యాలెండర్‌లో పొద్దున 11కి పెట్టిన మీటింగ్ వేసవిలో మనకి రాత్రి 8:30, చలికాలంలో 9:30. అదే మీరు బెంగళూరు టైమ్‌లో 8:30కి పెడితే, కాలిఫోర్నియాలో ఉన్న మనిషికి చలికాలంలో ఎనిమిది కాస్తా ఏడవుతుంది. లండన్, న్యూయార్క్ రెండూ ఉన్న మీటింగ్ అయితే మార్చిలో ఆ మధ్య వారాల్లో, అక్టోబర్ చివర ఒక వారం, లెక్క మూడో రకంగా ఉంటుంది. ఆ వారాలకి ముందే ఛానల్‌లో "మన టైమ్ ఇది" అని ఒక లైన్ రాసి పిన్ చేయండి. రాత్రి మీటింగ్ రోజూ మన వైపే పడుతుంటే వారం విడిచి వారం వాళ్ళని పొద్దున్నే లేవమని అడగండి. మర్యాదగా అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఎక్కువే ఉంటారు, అడిగేవాళ్ళే తక్కువ.

ఎంత ముందు చెప్పాలంటే, కంపెనీల చట్టం 2013 ప్రకారం బోర్డు మీటింగ్‌కి కనీసం 7 రోజుల నోటీసు ఇవ్వాలి. మీ టీమ్‌కి అంత అక్కర్లేదు, ఒక పూర్తి పని రోజు ముందు నోట్ చేతిలో ఉంటే చాలు.

5. నోట్, వరుస

నోట్‌లో ఏముండాలి: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, మన ముందున్న దారులు ఏవి, ఒక్కోదానిలో లాభనష్టాలు, మీరు ఎటు మొగ్గుతున్నారు. ఒక పేజీ దాటొద్దు.

"నోట్ పంపితే ఎవరూ చదవరు కదా" అంటారా? నిజమే, చదవరు. దానికి మందు ఉంది. అమెజాన్‌లో 2004లో పై స్థాయి మీటింగుల్లో పవర్‌పాయింట్ ఆపేసి, వాక్యాలుగా రాసిన ఆరు పేజీల నోట్ పెట్టుకుని, మొదట అందరూ మౌనంగా చదివాకే మాట్లాడే పద్ధతి తెచ్చారు. మీ ఒక పేజీకి మొదటి ఐదు నిమిషాలు ఇవ్వండి. ఆ నిశ్శబ్దం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, ఎవరో ఒకరు జోకు వేస్తారు, పట్టించుకోకండి.

ఒకటి కంటే ఎక్కువ విషయాలుంటే కష్టమైనదీ ఖరీదైనదీ ముందు పెట్టండి. చిన్నవి ముందు అవగొడదాం అనుకుంటే అవే మింగేస్తాయి. సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే ఆయన 1957లోనే దీని గురించి రాశారు: అణు రియాక్టర్ ఖర్చుని కమిటీ నిమిషాల్లో దాటేస్తుంది, సైకిల్ షెడ్డు కప్పు దగ్గరికొచ్చేసరికి ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంటుంది, ఎందుకంటే షెడ్డు అందరికీ అర్థమవుతుంది. మన దగ్గర సర్వర్ మార్పు గురించి రెండు ముక్కలు, టీమ్ అవుటింగ్ నంది హిల్స్‌కా కూర్గ్‌కా అన్నదానికి అరగంట. అవుటింగ్‌కి పోల్ పెట్టేయండి.

ప్రతి విషయం పక్కన నిమిషాలు వేయండి.

6. మొదటి ఐదు నిమిషాలు

చెప్పిన టైమ్‌కి మొదలుపెట్టండి, ఇద్దరే ఉన్నా సరే. "ఇంకో రెండు నిమిషాలు చూద్దాం" అంటే టైమ్‌కి వచ్చినవాళ్ళకి శిక్ష వేసినట్టే, వచ్చేసారి వాళ్ళూ ఆలస్యంగా వస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం మొదటినుంచి మళ్ళీ చెప్పకండి. స్క్రీన్ మీద డాక్యుమెంట్ ఉంటుంది, చదువుకుంటారు.

ప్రశ్న పైకి చదవండి, చివరి మాట ఎవరిదో చెప్పండి, ఎన్నింటికి ముగుస్తుందో చెప్పండి, చదవడానికి టైమ్ ఇవ్వండి. అంతే.

కొందరు రూమ్‌లో, కొందరు లింక్‌లో ఉంటే, లింక్‌లో ఉన్నవాళ్ళని ముందు మాట్లాడించండి. రూమ్‌లో ఇద్దరు పక్కపక్కన గుసగుసలాడుకుంటే అవతలివాళ్ళకి అది రొదగానే వినిపిస్తుంది. ఇంకొకటి, ఇది గట్టిగానే చెప్పండి: స్కూటర్ మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో చేరేవాళ్ళని వెంటనే కట్ చేయమనండి. క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చుని వింటే పర్లేదు, బండి నడుపుతూ మాత్రం వద్దు. ఏ రిలీజూ అంత ముఖ్యం కాదు.

7. మాట్లాడించడం

ఎక్కువమంది లీడ్‌లు తడబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

*మీరు చివర మాట్లాడండి.* మీరు ముందే "నాకైతే సోమవారమే బెటర్ అనిపిస్తోంది" అన్నారంటే ఆ తర్వాత వినపడేవి మీ మాటలే, వేరే గొంతుల్లో. నోట్‌లో మీ మొగ్గు రాశారు కదా, అది చాలు. అది కూడా మనవాళ్ళని ప్రభావితం చేస్తోందనిపిస్తే నోట్‌లోంచీ తీసేయండి.

*చిన్నవాళ్ళతో మొదలుపెట్టండి.* సైనిక కోర్టుల్లో కింది ర్యాంకు అధికారి నుంచి పైకి అభిప్రాయాలు అడిగే సంప్రదాయం ఉంది, పెద్దాయన ముందు చెప్పేస్తే చిన్నవాళ్ళు ఎదురు చెప్పలేరని. ఆర్డర్లు పాటించడమే వృత్తిగా ఉన్నచోటే ఆ జాగ్రత్త అవసరమైందంటే, "సార్" అనకుండా మాట మొదలుపెట్టలేని మన ఆఫీసుల సంగతి చెప్పేదేముంది. నిన్న చేరిన అమ్మాయిని "నీకేమైనా చెప్పాలనుందా?" అని అడిగితే "లేదండీ" అంటుంది. "మాడ్యూల్‌ని నువ్వే టెస్ట్ చేశావు కదా, నీకు భయం కలిగించిన చోటు ఏది?" అని అడగండి. జవాబు వస్తుంది, చాలాసార్లు ఆ రోజు మొత్తానికి పనికొచ్చే జవాబు అదే అవుతుంది.

*మౌనం అర్ధాంగీకారం అనుకోకండి.* సామెత పెళ్ళిచూపులకి పనికొస్తుందేమో గానీ రిలీజ్‌కి పనికిరాదు. అందరూ తల ఊపుతుంటే ఇంకా అనుమానించాలి. గ్యారీ క్లైన్ అనే సైకాలజిస్టు చెప్పిన ప్రీ-మార్టమ్ అనే పద్ధతి దీనికి బాగా పనిచేస్తుంది: "ఇప్పుడు మూడు నెలలు గడిచాయనుకోండి, మనం తీసుకున్న ఈ నిర్ణయం ఘోరంగా దెబ్బతింది. ఎందుకు దెబ్బతిందో రెండు నిమిషాల్లో ఎవరికి వాళ్ళు రాయండి" అనండి. ప్లాన్‌ని తప్పుపట్టడానికి మొహమాటపడే మనిషి కూడా ఇది రాస్తాడు, ఎందుకంటే ఇక్కడ ఎవరినీ విమర్శించడం లేదు, అడిగిందే అది. పేర్లు లేకుండా చాట్‌లోనో కాగితం మీదో తీసుకోండి.

*ఆపకుండా మాట్లాడేవాళ్ళు.* ప్రతి టీమ్‌లో ఒకరుంటారు, తరచుగా చాలా తెలిసినవాళ్ళే అయి ఉంటారు, అదే ఇబ్బంది. మాట మధ్యలో "ఇక చాలు" అంటే నొచ్చుకుంటారు. ఊపిరి తీసుకునే చోట పట్టుకోండి: "మీరు చెప్పింది ఇదీ" అని ఒక్క వాక్యంలో వాళ్ళ మాట వాళ్ళకే చెప్పి, "రాసుకున్నాం, ఇప్పుడు సపోర్ట్ వాళ్ళ సంగతి విందాం" అనండి. తను చెప్పింది చేరిందని తెలిస్తే ఎక్కువమంది ఆపుతారు. అయినా ఆపకపోతే మీటింగ్ అయ్యాక విడిగా మాట్లాడండి, అందరి ముందు కాదు.

*దారి తప్పినప్పుడు.* "ఇది ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అని అందరం అంటాం, ఆ తర్వాత ఎవరూ మాట్లాడుకోరు. డాక్యుమెంట్ చివర "పక్కన పెట్టినవి" అని ఒక భాగం పెట్టి, అక్కడ విషయం, ఎవరెవరు మాట్లాడుకోవాలి, ఏ రోజు, ఈ మూడూ రాశాకే దాటండి.

*భాష.* తెలుగువాళ్ళు ఎక్కువున్న టీముల్లో వాదన వేడెక్కగానే ఇద్దరు తెలుగులోకి దిగిపోతారు. అక్కడ కూర్చున్న కన్నడ అబ్బాయో, తమిళ అమ్మాయో మర్యాదకి నవ్వి ఫోన్ తీస్తారు. మర్యాద సంగతి అలా ఉంచండి, వాళ్ళ దగ్గరున్న సమాచారం మీకు అందకుండా పోతుంది. "ఒక్క నిమిషం, ఇప్పుడు మనం అనుకున్నది ఇంగ్లీష్‌లో ఒకసారి చెప్పండి" అని వెంటనే అనండి, ప్రతిసారీ అనండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంగ్లీష్ తడబడుతుందని నోరు విప్పని తెలివైనవాళ్ళు మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో బోలెడంత మంది. వాళ్ళని ముందు రోజే డాక్యుమెంట్‌లో కామెంట్ రాయమనండి, మీటింగ్‌లో మీరు వాళ్ళ పేరుతో చదవండి. మరీ ఇరుక్కుపోతే తెలుగులో చెప్పనిచ్చి మీరు ఇంగ్లీష్‌లోకి మార్చండి.

*పై మేనేజర్ వచ్చి కూర్చుంటే* అందరి కళ్ళూ ఆయన మొహం మీదే ఉంటాయి. ముందు రోజే కలిసి, "సార్, మీరు చివరి పది నిమిషాలకి వస్తే మావాళ్ళు ఫ్రీగా మాట్లాడతారు" అని చెప్పండి. కుదరదంటే, మొదటి నుంచీ ఉన్నా ఆయన మాట చివర అడుగుతానని ముందే ఒప్పించుకోండి.

8. తేల్చడం

ముగింపుకి పది నిమిషాల ముందు, చర్చ ఎంత రంజుగా ఉన్నా ఆపండి. నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో పైకి చెప్పండి, రాసే మనిషి స్క్రీన్ మీద టైప్ చేస్తుంటే అందరూ చూడాలి. చూస్తున్నప్పుడే "అది కాదు మనం అనుకున్నది" అనేవాళ్ళు బయటపడతారు, వారం తర్వాత బయటపడడం కంటే ఇది చాలా నయం.

తర్వాత పనులు. ఒక్కో పనికి ఒక్క పేరు, ఒక తేదీ. "టీమ్ చూస్తుంది" అని రాయొద్దు, "మనందరం చూద్దాం" అసలే వద్దు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. పేరున్న మనిషి ఆ మీటింగ్‌లో లేకపోతే పని అప్పగించినట్టు కాదు, అడిగి ఒప్పించే బాధ్యత ఎవరికో ఒకరికి వేయండి.

ఒప్పుకోనివాళ్ళు మిగిలితే బలవంతంగా ఒప్పించక్కర్లేదు. "మీ అభ్యంతరం రాస్తున్నాం, నిర్ణయం మాత్రం ఇది" అనండి. తేల్చడానికి కావాల్సిన సమాచారమే లేదని తెలిస్తే, ఆ సమాచారం ఎవరు, ఎప్పటికి తెస్తారో రాసి అక్కడితో ముగించండి. ఇంకో ఇరవై నిమిషాలు ఊహాగానాలు చేస్తే సమాచారం పుట్టుకురాదు.

ముందే అయిపోతే ముందే వదిలేయండి. మిగిలిన టైమ్‌ని ఏదో ఒకదానితో నింపకండి.

9. మినిట్స్

అదే రోజు పంపండి. బోర్డు మీటింగులకైతే డ్రాఫ్ట్ మినిట్స్ 15 రోజుల లోపు పంపాలని కంపెనీ సెక్రటరీల ప్రమాణాల్లో ఉంది, మీ టీమ్ మీటింగ్‌కి 15 గంటలు కూడా ఎక్కువే. ఎవరేమన్నారో నాటకంలా రాయొద్దు, ఎవరూ చదవరు.

ఇలా రాస్తే వృథా: *రిలీజ్ గురించి వివరంగా చర్చించాం. రిస్కులు పరిశీలించి త్వరలో నిర్ణయం తీసుకుంటాం.*

ఇలా రాయండి: *రిలీజ్ సోమవారం ఉదయం 10కి. శుక్రవారం వద్దనుకోవడానికి కారణం: వారాంతంలో సపోర్ట్‌లో ఒక్కరే ఉంటారు. అభ్యంతరం: సేల్స్ వాళ్ళు కస్టమర్‌కి శుక్రవారం అని చెప్పారు. కస్టమర్‌కి చెప్పడం: (పేరు), ఈరోజు సాయంత్రం లోపు. వెనక్కి తీసుకునే స్క్రిప్ట్ పరీక్ష: (పేరు), గురువారం 4 గంటల లోపు.*

కారణం తప్పకుండా రాయండి. రెండు నెలల తర్వాత కొత్తగా వచ్చినవాళ్ళు "ఇదేంటి ఇలా చేశారు" అంటే మళ్ళీ ఇంకో మీటింగ్ పెట్టాల్సిన పని తప్పుతుంది.

10. వెంటపడడం

తేదీకి ఒక రోజు ముందు పని తీసుకున్నవాళ్ళకి ఒక లైన్ మెసేజ్. తర్వాతి మీటింగ్‌ని పాత పనుల లిస్టుతోనే మొదలుపెట్టండి, మూడు నిమిషాలు: అయింది, కాలేదు, అవసరం లేదు. ఇలా అడుగుతారని తెలిస్తే రెండో సారికే చాలా పనులు మీటింగ్‌కి ముందు రోజు రాత్రి అయిపోతాయి. అది కూడా ఫలితమే.

ఈ తప్పులు మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను

క్యాలెండర్‌లో ప్రతి వారం రిపీట్ అని పెట్టేసి మర్చిపోవడం. ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తుండదు, ఆపడానికి మాత్రం ఎవరికీ ధైర్యం ఉండదు. ఏ రిపీట్ మీటింగ్‌కైనా ముగింపు తేదీ వేయండి, మూడు నెలలు చాలు, కావాలంటే మళ్ళీ పెట్టుకోవచ్చు.

రోజువారీ స్టాండప్‌ని, అంటే టీమ్ రోజూ కాసేపు కలుసుకునే చిన్న మీటింగ్‌ని, మేనేజర్‌కి హాజరు చెప్పే కార్యక్రమంగా మార్చడం. స్క్రమ్ అనే పని పద్ధతికి నియమాలు రాసిన స్క్రమ్ గైడ్‌లో దానికి ఇచ్చింది 15 నిమిషాలే, అది కూడా డెవలపర్లు ఆ రోజు పని సర్దుకోవడానికి. అందరూ మీ వైపు తిరిగి చెబుతున్నారంటే మీరు ఒక మూలకి జరిగి పనుల లిస్టు ఉన్న బోర్డు వైపు చూడండి, లేదా రెండు రోజులు వెళ్ళడం మానండి.

అసలు నిర్ణయం ముందే తీసేసుకుని, "మీ అభిప్రాయాలు చెప్పండి" అని పిలవడం. జనం ఒకసారి పసిగట్టేస్తారు, తర్వాత నిజంగా అడిగినా చెప్పరు. నిర్ణయం అయిపోతే అయిపోయిందని చెప్పి, ఎలా అమలు చేయాలో మాత్రం అడగండి.

చెడ్డ వార్త మొదటిసారి అందరి ముందు పేల్చడం. ఎవరి పని మీద దెబ్బ పడుతుందో వాళ్ళకి ముందు విడిగా చెప్పండి.

సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

"మీటింగ్ ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్ అన్నా" అంటారు. అలా అడగకండి. రెండు రోజులు ఆగి, క్యాంటీన్‌లోనో లిఫ్ట్ దగ్గరో ముగ్గురిని విడివిడిగా అడగండి: "ఆ రోజు ఏం తేల్చాం?" మూడు జవాబులూ ఒకటే అయితే ఎనిమిదో మెట్టు బాగా చేశారు. తేడా వస్తే ఆ మినిట్స్ తెరిచి చూసుకోండి, వాక్యం ఎక్కడ వదులుగా ఉందో కనిపిస్తుంది.

ఒప్పుకున్న పనుల్లో తేదీకి ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి. సగం కూడా కావట్లేదంటే ఎక్కువ పనులు పంచుతున్నారు, లేదా "సరే" అన్నవాళ్ళు మొహమాటానికి అన్నారు.

తేలిన విషయం మళ్ళీ చర్చకి వస్తోందా? కొత్త సమాచారంతో వస్తే మంచిదే. పాత వాదనతోనే వస్తోందంటే, ఆ వాదన చేసిన మనిషిని ఆ రోజు సరిగా వినలేదేమో చూసుకోండి.

ఎవరెంతసేపు మాట్లాడారో రాసే మనిషిని గీతలు పెట్టమనండి, ఒకసారి చాలు. అందులో మీవే ఎక్కువుంటే ఏడో మెట్టు మొదటి పాయింట్ మళ్ళీ చదవండి.

వారం వారం జరిగే మీటింగ్ విలువ తెలియాలంటే రెండు వారాలు రద్దు చేసి చూడండి. ఎవరూ అడగకపోతే ఇక పెట్టకండి.

అపార్ట్‌మెంట్ మీటింగులకి?

చాలామంది ఇదీ అడుగుతున్నారు. ట్యాంకర్ నీళ్ళు, పార్కింగ్, పెంపుడు కుక్కలు, మెయింటెనెన్స్ బాకీలు. పద్ధతి ఇదే, రెండు తేడాలతో. ఒకటి, కోరం (కనీసం ఎంతమంది హాజరు కావాలి) ఎంత, నోటీసు ఎన్ని రోజులు అనేవి మీ అసోసియేషన్ బైలాస్‌లో ఉంటాయి, అవి చూడకుండా పెడితే ఓడిపోయినవాళ్ళు నిర్ణయం చెల్లదంటారు. రెండు, అక్కడ మీరు ఎవరికీ బాస్ కాదు. అందుకే గొడవయ్యే విషయం మీద గట్టిగా మాట్లాడే ఇద్దరు ముగ్గురి ఇంటికి ముందే వెళ్ళి టీ తాగి రండి.

మీటింగ్ నాది కాదు, మా మేనేజర్‌ది. అప్పుడు?

ఇది అన్నిటికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న. మీటింగులు బాగాలేవని ఆయనకి పాఠం చెప్పకండి. "సార్, మినిట్స్ నేను రాస్తాను" అనండి, ఎవరూ కాదనరు, ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి. స్క్రీన్ షేర్ చేసి రాయండి. నిర్ణయం అన్నచోట ఖాళీ వదిలి, "సార్, ఇక్కడ ఏం రాయమంటారు?" అని అడగండి. పని పక్కన పేరు లేకపోతే "ఇది ఎవరి పేరు మీద వేయను?" అనండి. ఇన్వైట్ వచ్చినప్పుడు ప్రశ్న లేకపోతే "నేను ఏం సిద్ధం చేసుకుని రావాలి సార్?" అని ఒక లైన్ రిప్లై ఇవ్వండి, జవాబు రాయడానికి ఆయనే కూర్చుని ఆలోచించాల్సి వస్తుంది. మీ అవసరమే లేని మీటింగ్ అయితే, "నాకు సంబంధించింది రెండో పాయింట్ ఒక్కటే, అది వచ్చినప్పుడు పింగ్ చేస్తే వెంటనే చేరతాను" అని అడిగి చూడండి. మొదటిసారి కాదంటే నెల ఆగి, చేతిలో ఉన్న పని చూపించి మళ్ళీ అడగండి.